ప్రొద్దెక్కిన వేళ నమాజు



క్రిందటి నెలలో నొక పాఠకురాలు మాకు జాబు వ్రాయుచు నిట్లడిగినది: “మా పొరుగింట నొక ముస్లిము గృహిణి కలదు. ప్రొద్దెక్కిన తరువాత, పిల్లలను బడికి పంపి, తలుపు చేరవేసికొని ఆమె నమాజు చేయుచుండుట నేను పలుమారులు చూచితిని. ముస్లిములకు నమాజు వేళలు ఐదని విన్నాను. ఆ ఐదింటిలో ఈ వేళ లేదు గదా! మసీదునుండి పిలుపు కూడ వినరాలేదు. ఇది యేమి నమాజు?” ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను, దీని వెనుక గృహిణుల కందఱకును సంబంధించిన విషయ మొకటి యున్నది. కావున ఈ నెల మా పుటను దీనికే వినియోగించుచున్నాము.

ముందుగా ప్రశ్నకు సమాధానము చెప్పెదము. ముస్లిములకు విధిగా ఏర్పడిన నమాజులు ఐదే. తెల్లవాఱుజామున ఫజరు, మధ్యాహ్నము తిరిగిన పిమ్మట జొహరు, ప్రొద్దు వాలిన వేళ అసరు, సూర్యుడస్తమింపగనే మగ్రిబు, రాత్రి ఇషా. వీనిని ఫర్జు లందురు. అనగా విడువరానివని యర్థము. ఫజరు సూర్యోదయమునకు ముందే ముగియవలెను. జొహరు సూర్యుడు నడినెత్తిని దాటినగాని మొదలుకాదు. ఈ రెంటికి నడుమ సుమారు ఆఱు గంటల కాలము విధినమాజు ఏదియు లేక ఖాళీగా నున్నది. ఆ ఖాళీలో, చేయదలచినవారు తమ యిష్టము కొలది చేసికొను నమాజునే మీ పొరుగింటి గృహిణి చేయుచున్నది. ప్రొద్దు పొడిచిన కొలదిసేపటికి చేసినచో దానిని ఇష్రాకు నమాజందురు. ఎండ బాగుగ నెక్కిన తరువాత చేసినచో చాష్తు నమాజందురు. అరబ్బీలో దీనికి దుహా యని పేరు. ఇష్రాకు అనగా సూర్యుని వెలుగు ప్రసరించుట. దుహా అనగా పూర్వాహ్ణము. చాష్తు పారసీక పదము, ప్రొద్దుటి భోజనమునకును ఆ భోజనవేళకును అదే పేరు. ఇష్రాకును చాష్తును ఒకటేయని కొందఱు పండితులును, వేఱువేఱని కొందఱును చెప్పుదురు. ఆ వాదములోనికి మనము పోనక్కఱలేదు.

ఇక వేళను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. సూర్యబింబము క్షితిజముపై కనబడిన క్షణముననే ఈ నమాజు చేయరాదు. సూర్యుడు ఒక బల్లెమంత ఎత్తు లేచువఱకు ఆగవలెనని పూర్వులు కొలత చెప్పిరి. ఇప్పటి లెక్కలో అది సూర్యోదయమైన పిమ్మట పదునైదు మొదలు ఇరువది నిమిషములు. మా గుంతకల్లులో జూను మొదటి దినములలో సూర్యోదయము సుమారు 5 గంటల 50 నిమిషములకు, జనవరి నెలలో సుమారు 6 గంటల 50 నిమిషములకు అగును. కావున ఇష్రాకు వేళ వేసవిలో ఆఱుగంటల పది నిమిషములకు, చలికాలములో ఏడుగంటల పది నిమిషములకు మొదలగుననుకొనవచ్చును. అది మొదలు సూర్యుడు నడినెత్తికి చేరుటకు కొంచెము ముందువఱకు ఎప్పుడైనను ఈ నమాజు చేసికొనవచ్చును. ఒంటెపిల్లల కాళ్ళకు ఇసుక వేడి తగులునప్పటి వేళ దీనికి శ్రేష్ఠమని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు హదీసులలో నున్నది. ఎడారివారికి గడియారము ఒంటెపిల్ల పాదము! చైత్రవైశాఖములలో మా యూరి ఱాతిబండలపై ఉదయము తొమ్మిదిగంటలకు చెప్పులు లేక నడచినవారికి ఆ కొలత యెంత సరియైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

సూర్యుడు పొడుచుచుండగనే నమాజు చేయరాదనుటకు కారణ మేమి? సూర్యుని చూచి మ్రొక్కుచున్నారను భ్రమ కలుగకుండుటకే. ఇస్లాము మతమున సృష్టికర్తకు తప్ప సృష్టింపబడిన దేనికిని మ్రొక్కు లేదు. కావున సూర్యుడు పొడుచునపుడు, నడినెత్తిన నిలుచునపుడు, క్రుంకునపుడు స్వచ్ఛందముగా నమాజు చేయుట నిషిద్ధమైనది. ఇక హిందూ సంప్రదాయము దీనికి భిన్నమైన దారిని పట్టినది. సంధ్యవేళ సూర్యున కర్ఘ్యమిచ్చుట యందలి ముఖ్యకర్మ. శ్రీమద్రామాయణమున రావణవధకు ముందు అగస్త్యమహర్షి శ్రీరామున కుపదేశించినది ఆదిత్యహృదయము. భారతమున ఆరణ్యపర్వమునందు ధర్మరాజు సూర్యుని స్తుతించి అక్షయపాత్రను పొందెను. ద్రౌపది భుజించువఱకు ఆ పాత్రలో అన్నము తఱుగదు. ఒకరు సూర్యునకు చేతులెత్తిన క్షణమున మఱియొకరు చేతులు ముడిచి వేచియుందురు. ఈ రెండును ఒకటేయని మేము చెప్పబోము, ఒకటి కావు. అయినను ఇరువురును తెల్లవాఱకముందే లేచి తూర్పు దిక్కును కనిపెట్టి చూచుచుందురన్నది నిజము. పొరుగువారి ఆచారమును తెలిసికొనవలెనన్నచో భేదమును భేదముగనే తెలిసికొనుట మేలు.

ధర్మశాస్త్రములు చదివిన సోదరీమణులకు నిత్యము, నైమిత్తికము, కామ్యము అను కర్మభేదములు తెలియును. నిత్యకర్మ విడిచినచో దోషము. నైమిత్తికము ఏదేని కారణము కలిగినపుడు చేయవలసినది. కామ్యము ఫలము కోరి చేయునది. ముస్లిము ధర్మవేత్తలును కర్మలకు ఇట్టి తరగతులే యేర్పఱచిరి. ఫర్జు అన్నింటికంటె పైది. ఆ తరువాత వాజిబు, సున్నతు. వాని తరువాతిది నఫిలు. అనగా అదనముగా, ఇష్టపూర్వకముగా చేయునది. ఇష్రాకు నమాజు ఈ నఫిలులోనిది. చేసినచో పుణ్యము, చేయనిచో పాపము లేదు. ఎవ్వరును దానిని గూర్చి యడుగరు, లెక్క పెట్టరు. పిలుచుటకు అజాను లేదు. సాధారణముగా జమాతు లేదు. ఇంటిలో ఒక మూల, శుభ్రమైన చాప, కాబాదిశ తెలిసిన మనస్సు, ఇవి చాలును. మన దేశమునకు కాబా పడమరగా నుండుటచే, ఈ నమాజు చేయు స్త్రీకి అప్పుడే పొడిచిన ప్రొద్దు వీపువైపున నుండును.

చేయు విధానమును క్లుప్తముగా చెప్పెదము. మొదట వజూ చేయవలెను; అనగా చేతులు, నోరు, ముక్కు, ముఖము, మోచేతులవఱకు బాహువులు కడిగికొని, తలను తడిచేతితో తుడిచి, పాదములు కడిగికొనుట. పిమ్మట మనస్సులో సంకల్పము. నమాజునందలి ఒక్కొక్క యావృత్తికి రకాతు అని పేరు. నిలువబడి ఖురానునందలి మొదటి యధ్యాయమగు ఫాతిహాను, దానితో మఱికొంత భాగమును చదువుట. మోకాళ్ళపై చేతులుంచి వంగుట. మరల నిలిచి, నుదురు నేలకు తాకునట్లు రెండుసార్లు సాష్టాంగపడుట, ఇది యొక రకాతు. ఇష్రాకునకు రెండు రకాతులు చాలును. నాలుగు చేయువారును, ఎనిమిది చేయువారును కలరు. చివర కూర్చుండి ప్రార్థించి, కుడియెడమలకు తల త్రిప్పి సలాము చెప్పుటతో ముగియును. తొందర లేక చేసినను రెండు రకాతులకు ఐదాఱు నిమిషములకంటె పట్టదు. నెలసరి దినములలోను, ప్రసవానంతరము రక్తస్రావమున్న దినములలోను స్త్రీలకు నమాజు లేదు. అప్పుడు విడిచిన ఫర్జు నమాజులను సయితము తరువాత తీర్చనక్కఱలేదు.

ఫజరు నమాజును జమాతులో చేసి, ఆ చోటనే కూర్చుండి దైవస్మరణ చేయుచు సూర్యోదయము కానిచ్చి, పిమ్మట రెండు రకాతులు చేసినవారికి హజ్జు, ఉమ్రా యాత్రలు చేసినంత ఫలమని ఒక హదీసు కలదు. మక్కా ప్రయాణమునకు శక్తిలేని బీదవారి కిది గొప్ప ఊఱట. అయితే అట్లు కూర్చుండుటకు గంట కాలము తీరిక కావలెను. ఆ తీరిక యెవరికి కలదన్నదే మా ప్రశ్న. దానికి తరువాత వచ్చెదము.

ఈ నమాజు చరిత్రలో స్త్రీల పేళ్ళు ముందుగనే కనబడుట మాకు సంతోషము కలిగించినది. క్రీస్తు శకము 630వ సంవత్సరమున మహమ్మదు ప్రవక్త మక్కా నగరమును జయించెను. ఆ దినమున ఆయన పూర్వాహ్ణవేళ స్నానము చేసి ఎనిమిది రకాతుల నమాజు చేసెను. ఈ వార్తను లోకమునకు చెప్పినది ఉమ్మెహానీ యను స్త్రీ. ఈమె ఆయన తండ్రికి సోదరుడగు అబూతాలిబు కూతురు, అలీకి తోబుట్టువు. స్నానమాడుచుండగా ఆయన కూతురు ఫాతిమా వస్త్రమును తెరగా పట్టుకొని నిలిచెను. అప్పుడు ఉమ్మెహానీ వచ్చినది ఒక మొఱతో. శత్రుపక్షమువాని కొకనికి ఆమె అభయమిచ్చెను. వానిని చంపెదనని ఆమె సోదరుడు పట్టుపట్టెను. ప్రవక్త నమాజు ముగించి, నీవు అభయమిచ్చినవానికి మేమును అభయమిచ్చితిమని తీర్పు చెప్పెను. జయము కలిగిన దినమున ఒక గృహిణి యిచ్చిన మాటకు అంత విలువ దక్కినది. ఆ నమాజును, ఈ అభయమును ఒక్క కథలోనే చదువుదుము.

రెండవ కథ జువైరియా అను ప్రవక్త భార్యది. ఆయన ఫజరు వేళ ఇల్లు వెడలునప్పటికి ఆమె తన నమాజుచోట కూర్చుండి దైవస్మరణ చేయుచుండెను. పూర్వాహ్ణమున తిరిగివచ్చి చూడగా ఆమె అట్లే కూర్చుండెను. అప్పుడాయన కొలదిమాటలలో ముగియు ఒక స్తోత్రమును చెప్పి, దానిని మూడుసారులు పలికినచో ఆమె అప్పటివఱకు పలికినదానితో సరితూగునని బోధించెను. ఈ కథను మేము పలుమారులు తలచుకొందుము. కూర్చుండి చేసినదానిని ఆయన తక్కువ చేయలేదు. కూర్చుండ తీరిక లేనివారికి మాత్రము చిన్నదారిని చూపెను. మఱియొక భార్యయగు ఆయిషా ఈ నమాజును తాను తప్పక చేయుచుండెను. ఇక్కడ నొక మాట దాచరాదు. ప్రవక్త దీనిని నిత్యము చేసెనా లేదా యనుటలో ఆనాటివారికే అభిప్రాయభేదము కలదు. ఇబ్ను ఉమరు వంటి పెద్దలు దీనిని నియమముగా చేయుటను అంగీకరింపలేదు. అబూహురైరా మాత్రము దీనిని విడువవలదని ప్రవక్త తనకు ప్రత్యేకముగా చెప్పెననెను. ఎక్కువమంది పండితులు దీనిని మంచి యాచారముగా నంగీకరించిరి. విధి కాని దగుటచేతనే ఇంత చర్చకు తావు కలిగినది.

మాది నీటికి కఱవైన సీమ. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి వచ్చుసరికి మేఘములలో తడి తఱిగిపోవును. ఈశాన్య ఋతుపవనము తీరమును దాటి మావఱకు వచ్చుసరికి బలము చాలదు. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున పడు వాన సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. కనుక ప్రొద్దుట నొక నమాజు హెచ్చుగా చేయుటనగా, మా యూర ఒక వజూకు సరిపడు నీరు హెచ్చుగా వలెనని యర్థము. ఈ విషయమును శాస్త్రము మఱవలేదు. ప్రవక్త వజూకు వాడిన నీరు, రెండు చేతులు చేర్చి పట్టిన నిండు దోసెడు కొలత. స్నానమునకు అట్టివి నాలుగైదు. ఫజరునకు చేసిన వజూ చెడకున్నచో, దానితోనే ఇష్రాకు కూడ చేసికొనవచ్చును; ఒక్క చుక్కయు హెచ్చు నీరు అక్కఱలేదు. నీరు బొత్తిగా దొఱకనప్పుడు, లేక రోగముచే నీరు తగులరానప్పుడు, శుభ్రమైన మట్టిని చేతులతో తాకి ముఖమును చేతులను తుడుచుకొనవచ్చును. దానిని తయమ్మము అందురు. కొళాయి రాని దినము మా వీధిలోని స్త్రీలకందఱకు తెలియును గనుక, ఈ దోసెడు నీటి లెక్క మాకు మిక్కిలి నచ్చినది.

ఈ వేళకును వానకును మఱియొక సంబంధము కలదు. పండుగల నమాజునకు వేళ ఇష్రాకుతోనే మొదలగును. అందుచేతనే రంజాను పండుగనాడు జనులు ప్రొద్దెక్కిన పిమ్మట ఈద్గాకు పోవుట మనము చూచుచుందుము. వానలు లేనప్పుడు చేయు ఇస్తిస్కా యను వాననమాజును ప్రవక్త ప్రొద్దుపొడుపు వేళనే బయలుదేరి బయలున చేసెననియు, తన పైవస్త్రమును త్రిప్పి కప్పుకొనెననియు హదీసులు చెప్పుచున్నవి. దశ మాఱవలెనను కోరికకు అది గుర్తు. కఱవు సంవత్సరములలో మా సీమయందలి ముస్లిములు మైదానములలో చేరి ఆ నమాజు చేయుదురు. వాన కొఱకు విరాటపర్వము చదివించు ఆచారము తెలుగునాట హిందువులలో కలదు. అడుగు రీతులు వేఱైనను కఱవు అందఱిదియు ఒక్కటే.

ఇప్పుడు మా పొరుగింటి ముచ్చట నొకటి చెప్పెదము. గుంతకల్లు రైలు కూడలి. 1956 నుండి రైల్వే డివిజను కేంద్రము. బళ్లారి, రాయచూరు, ధర్మవరము, గుత్తి, నంద్యాల మార్గములు ఇచ్చట కలియును. కావున ఇచ్చటి యిండ్లలో ప్రొద్దు అందఱికి నొక్కసారి పొడువదు. ఒకరు రాత్రి డ్యూటీ ముగించి వచ్చుచుండగా మఱియొకరు పగటి డ్యూటీకి పోవుచుందురు. క్యారేజీలు కట్టువారు, పాలు కాచువారు, ఉగ్గానికి బొరుగులు నానవేయువారు, పిల్లలకు జడలు వేయువారు స్త్రీలే. మా వీధిలో రైలు కొలువువారి కుటుంబమునకు చెందిన యొక ముస్లిము వృద్ధురాలు కలదు. మే మామెను అవ్వా యని పిలుతుము. బడిపంతులు భార్యలమగుటచే ఆమె మమ్ము అయ్యవారమ్మా యనును. ఈ నమాజును గూర్చి మేమడుగగా ఆమె చెప్పిన మాటలను ఉన్నవున్నట్లుగ వ్రాయుచున్నాము.

“అయ్యవారమ్మా, నేను కొత్తకోడలిగా ఈ ఊరికొచ్చినప్పుడు మా అత్త దినామూ ఈ నమాజు చదివేది. ఆమె వజూకు నీళ్ళు మోసేది నేను. పొద్దున లేస్తే నీళ్ళు, రొట్టెలు, పిల్లోళ్ళు, డ్యూటీకి పోయేవాళ్ళ క్యారేజీలు. ఫర్జు చదువుకుంటానంటే ఎవరూ అడ్డం చెప్పరు. ఇది చదువుకుంటానంటే మాత్రం, ఇప్పుడెందుకమ్మా, చదవకపోతే పాపం లేదు గదా అంటారు. ఆ మాట నిజమే. నిజమే గాని, ఆ ఒక్క మాటతోనే నాకు ముప్పై ఏండ్లు గడిచిపోయినాయి.”

“మఱి ఇప్పుడో?” యని మేమడిగితిమి.

“ఇప్పుడు ఫజరు చదివి అట్లనే కూర్చుంటా. పొద్దు పైకొచ్చినాక రెండు రకాతులు. తరువాత లేచి పసిబిడ్డను నేనెత్తుకుంటా, పొయ్యి కాడ పాలు నేను చూస్తా. క్యారేజీలు పోయినాక, తొమ్మిది పదింటప్పుడు కోడలితో చెప్తా, పోమ్మా, నీ చాష్తు చదువుకో పో అని. నాది పొద్దునది, ఆమెది ఎండపొద్దుది. దేవుడు ఇంత పొద్దు ఇచ్చింది ఎందుకమ్మా? ఒకరే తీసుకొనేదానికా?”

అవ్వ మాటలలో మాకు కనబడిన విషయము మీ ముందుంచుటకే ఈ పుట వ్రాయుచున్నాము. ఇంటిలో స్త్రీకి విధిగా నున్న పనిని ఎవ్వరును తొలగింపరు, అది జరిగితీరవలెను. పురుషునకు తీరిక చిక్కినచో అది ఆతని స్వంతము. స్త్రీకి చిక్కిన తీరిక మాత్రము, అడిగినవారికెల్ల ఇచ్చివేయవలసిన ఉమ్మడి సొత్తుగా భావింపబడుచున్నది. విధి కానిది యేదైనను, అది నఫిలు నమాజు కానిండు, హిందూ గృహిణి చేయు తులసిపూజ కానిండు, పురాణపఠనము కానిండు, పత్రికలో రెండు పుటలు చదువుట కానిండు, ఇంటిలో పని హెచ్చినపుడు మొట్టమొదట కోతపడునది స్త్రీ ఇష్టపడి చేసికొనునదే. చేయకున్న పాపము లేదనుట దేవుడు మనుజునకు చూపిన దయ. ఆ దయనే పట్టుకొని మనము ఆమె ఇష్టమును త్రోసివేయుట న్యాయమా?

పనిలో నుండి పుణ్యమును పొందలేమా యని కొంద ఱడుగవచ్చును. తప్పక పొందవచ్చును. మనుష్యశరీరమున 360 కీళ్ళు కలవనియు, ప్రతి యుదయమును ఒక్కొక్క కీలునకు ఒక్కొక్క దానము చేయవలసియున్నదనియు హదీసు చెప్పుచున్నది. దానమనగా ధనమే కానక్కఱలేదు. దైవస్మరణ దానమే, మంచి చెప్పుట దానమే, త్రోవలోని ఱాతిని, ముల్లును తీసివేయుట దానమే. వీని కన్నింటికి బదులుగా పూర్వాహ్ణమున చేయు రెండు రకాతులు చాలునని ప్రవక్త చెప్పెను. ఈ బోధలో దేహమునకు గౌరవము కలదు. రాత్రి నిద్రలో బిగిసిన కీళ్ళు ఉదయమున మరల కదలుటయే ఒక అనుగ్రహము. ఆ కదలికకు కృతజ్ఞత తెలుపుటయే ఈ నమాజు. ఱెక్కలు ముక్కలగునట్లు నీరు మోసిన స్త్రీకంటె ఈ కీళ్ళ లెక్క తెలిసినవారెవరు? ఆమె కీళ్ళు పనికి మాత్రమే కదలవలెనా? కృతజ్ఞతకు ఒక్కసారి వంగుటకు వానికి అవకాశము వలదా?

దుహా పేరుతోనే ఖురానునందు ఒక యధ్యాయము కలదు. అది 93వది, అందు పదునొకండు వాక్యములు. దైవసందేశము కొంతకాలము నిలిచిపోగా మనస్సు కలతపడిన ప్రవక్తను ఓదార్చుటకు అది వెలువడినదని పెద్దలు చెప్పుదురు. పూర్వాహ్ణపు వెలుగుపై ఆనతో మొదలై, అనాథయైన వానికి ఆశ్రయము దొఱకుటను గుర్తుచేసి, తుదకు అనాథను అణచవలదనియు యాచకుని కసరవలదనియు హెచ్చరించుచున్నది. ప్రవక్త పుట్టకముందే తండ్రిని, ఆఱవయేట తల్లిని పోగొట్టుకొన్నవాడు. ఈ యధ్యాయము తెలిసిన యింటిలో అత్తగారు నమాజు ముగించి లేచి కోడలిని కసరినచో, చదివినది వంటబట్టలేదన్నమాట. ఇది ఏ మతమువారి పూజకైనను వర్తించును.

పసిబిడ్డల తల్లులు నిరుత్సాహపడ నక్కఱలేదు. నమాజు చేయించుచుండగా బిడ్డ యేడ్పు వినబడినచో, తల్లి మనస్సు తల్లడిల్లునని ప్రవక్త నమాజును కుదించెడివాడు. తన మనుమరాలగు ఉమామాను ఎత్తుకొనియే నమాజు చేసి, సాష్టాంగపడునపుడు దింపి, లేచునపుడు మరల ఎత్తుకొనెననియు హదీసున్నది. ఇంటనున్నపుడు ఆయన ఇంటివారి పనులలో తోడ్పడుచుండెనని ఆయిషాయే చెప్పినది. కావున పురుషుడు పాలగిన్నెను చూచుట, బిడ్డ నెత్తుకొనుట గౌరవహాని యని తలచువారు తమ పెద్దల నడతను మఱచినవారే. కొంచెమైనను విడువక చేయు పని దేవునకు మిక్కిలి ప్రియమని కూడ ఆయన చెప్పెను. ఎనిమిది రకాతులకు తీరిక లేనివారు రెండు చేసికొనవచ్చును. నిత్యము కుదరనివారు కుదిరిన దినమున చేసికొనవచ్చును.

జాబు వ్రాసిన సోదరికి మే మొక్కమాట చెప్పదలచినాము. మీ పొరుగింటి గృహిణి తలుపు చేరవేసికొన్న వేళ, పంచదార బదులడుగుటకో, పెరుగుతోడు అడుగుటకో తలుపు తట్టకుడు. పది నిమిషములు తాళుడు. ఆమె పిల్లవాడు వీధిలో ఆడుచున్నచో మీ యింటికి పిలిచి కూర్చుండబెట్టుడు. ఆమెయు మీ పూజవేళ అట్లే చేయగలదు. మా యూర మస్తాన్‌వలి దర్గాకు హిందువులును పోవుదురు. అట్టి సీమలో పొరుగింటి ప్రార్థనకు పది నిమిషముల నిశ్శబ్ద మిచ్చుట కష్టము కాదు.

అత్తగార్లకు మా విన్నపము వేఱొకటి. మీకు దొఱకిన తీరిక మీ కోడండ్ర శ్రమవలన దొఱకినది. దానిలో కొంత భాగము వారికి తిరిగి యిండు. వారు ప్రార్థన చేసికొందురో, చదువుకొందురో, ఊరక కూర్చుందురో అది వారి యిష్టము; దానికి లెక్క యడుగవలదు. కోడండ్రారా, మీరును సంకోచింపక నోరు విప్పి యడుగుడు. ఇది పాపమా పుణ్యమా యను వాదము పెట్టుకొనవలదు. “ఈ పది నిమిషములు పాలు మీరు చూడుడు” అని యడుగుడు. ఇంటి పురుషులకు ఈ పుటను చదివి వినిపింపుడు. పొయ్యిమీద పాలు పొంగుటకు హిందువు, ముస్లిము, స్త్రీ, పురుషుడు అను భేదము తెలియదు. ఎవరు చూచినను అవి పొంగకుండ నిలుచును.